ముదిరిన కొలాజెన్: కీళ్లలో ఒక తీరు, ఎముకల్లో మరో తీరు

వయసు పెరిగేకొద్దీ ఒంట్లో కొలాజెన్ అనే ప్రొటీన్ తగ్గిపోతుందన్న మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. చర్మం విషయంలో అది చాలావరకు నిజం. అదే మాటను మోకాలిలో ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థికీ తొడ ఎముకకూ యథాతథంగా అంటగట్టేయడంతోనే చిక్కు వస్తోంది. కీలు అరిగిపోకుండా నిలిచిన ఎనభై ఏళ్ల మనిషిని తీసుకుంటే, ఆ మృదులాస్థిలో కొలాజెన్ మోతాదు యువకుల్లో ఉన్నదానికి పెద్దగా తీసిపోదు. ఉన్న కొలాజెనే ముదిరిపోయి ఉంటుంది. ఎముకలో కథ వేరు. అక్కడ మోతాదూ తగ్గుతుంది, గుణమూ మారుతుంది.

పాత కొలాజెన్‌ను తొలగించి కొత్తది వేసుకునే ఏర్పాటు ఎముకకు జీవితాంతం ఉంటుంది. మృదులాస్థికి అది యౌవనంతోనే దాదాపు ముగిసిపోతుంది. కీళ్ల అరుగుదల, ఎముకలు గుల్లబారడం అనే రెండు జబ్బులూ ఒకే వయసులో వచ్చిపడినా వాటి దారులు వేరు కావడానికి పెద్ద కారణం ఇదే. ఒకే మందుతో, ఒకే కొలాజెన్ పొడితో రెండింటినీ బాగుచేస్తామనే ప్రకటనలను అనుమానించాల్సింది కూడా ఇక్కడే.

పోగులు, వాటి మధ్య ముడులు

కొలాజెన్ అణువు ఒక ముప్పేట తాడు. మూడు ప్రొటీన్ గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, సుమారు 300 నానోమీటర్ల పొడవు, ఒకటిన్నర నానోమీటర్ల మందం ఉన్న పోగుగా తయారవుతాయి. ఈ నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. గొలుసులో ప్రతి మూడో స్థానంలోనూ గ్లైసిన్ ఉండి తీరాలి. మూడు పేటలూ కలిసే నడిమధ్యన ఇమిడేంత చిన్న అమైనో ఆమ్లం అదొక్కటే. జన్యులోపం వల్ల ఆ చోట మరొకటి వచ్చి చేరితే ఎంత అనర్థమో పెళుసు ఎముకల వ్యాధితో పుట్టే పిల్లలను చూస్తే తెలుస్తుంది. చిన్నపాటి తాకిడికే ఎముకలు విరుగుతాయి. లోపం కాల్షియంలో కాదు, కొలాజెన్‌లో.

మనిషి శరీరంలో 28 రకాల కొలాజెన్‌లను గుర్తించారు. ఎముకలో ఉండేది ప్రధానంగా ఒకటో రకం, మృదులాస్థిలో రెండో రకం. కణం బయటికి వచ్చాక ఈ అణువులు పక్కపక్కన చేరి పోచలవుతాయి. వాటిని ఒకదానికొకటి ముడివేసే పని లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ చేస్తుంది. దానికి రాగి కావాలి. అంతకుముందు అణువు కుదురుగా పెనవేసుకోవడానికి విటమిన్ సి కావాలి. ఈ ముడులు ఎక్కడ పడాలో అక్కడే పడతాయి, అవసరమైనన్నే పడతాయి. ఎదిగే వయసులో కీలుకూ ఎముకకూ బలం వచ్చేది వీటివల్లే.

ముదరడం అనేది మరో రకం ముడులతో మొదలవుతుంది. వాటిని ఏ ఎంజైమూ వేయదు. రక్తంలో, కణజాల ద్రవంలో తిరిగే చక్కెర నెమ్మదిగా ప్రొటీన్‌కు అంటుకుంటుంది. మధుమేహం ఉన్నవాళ్లు తరచూ చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది ఈ అంటుకోవడాన్నే, కాకపోతే హిమోగ్లోబిన్‌లో. ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు గనక అక్కడ వ్యవహారం తొలి మెట్టులోనే ఆగిపోతుంది. దశాబ్దాల తరబడి కదలకుండా ఉండే కొలాజెన్‌లో ఆ రసాయన చర్య చివరిదాకా నడుస్తుంది. అంటుకున్న చక్కెర రూపాలు మారి, పక్కపక్కనున్న రెండు పోగులను శాశ్వతంగా కలిపేస్తుంది. 1912లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీ మేయార్ వివరించిన చర్య ఇది. రొట్టె కాలినప్పుడు పైపొరను గోధుమరంగులోకి తిప్పేది కూడా ఇదే. ఇలా పుట్టే పదార్థాలను కలిపి ఏజీఈలు (అడ్వాన్స్‌డ్ గ్లైకేషన్ ఎండ్ ప్రాడక్ట్స్) అంటారు. వాటిలో పెంటోసిడిన్‌ను కొలవడం తేలిక కాబట్టి పరిశోధకులు దాన్ని ఎక్కువగా లెక్కిస్తారు. మనిషి కొలాజెన్‌లో ఎక్కువగా పేరుకునే అడ్డుముడి మాత్రం గ్లూకోసెపేన్.

శస్త్రచికిత్సలో కీలు తెరిచినప్పుడు ఈ మార్పు కంటికే కనిపిస్తుంది. కుర్రవాళ్ల మృదులాస్థి నీలి ఛాయతో తెల్లగా మెరుస్తుంది. వృద్ధుల్లో అది పసుపుపచ్చగా, ఒక్కోసారి గోధుమరంగుకు దగ్గరగా ఉంటుంది.

నూరేళ్లు దాటే ప్రొటీన్

మృదులాస్థిలోని కొలాజెన్ ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్నకు జవాబు రెండు వేర్వేరు దారుల్లో దొరికింది. మొదటి దారి అమైనో ఆమ్లాల ఆకృతి. ప్రొటీన్‌లోని ఆస్పార్టిక్ ఆమ్లం కాలం గడిచేకొద్దీ తన అద్దంబొమ్మ లాంటి ఆకారంలోకి కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. ఆ మారిన భాగం ఎంతో లెక్కిస్తే ప్రొటీన్ వయసు తెలుస్తుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2000లో ఈ పద్ధతిలోనే చర్మ కొలాజెన్ అర్ధాయువు సుమారు 15 ఏళ్లనీ, కీలు మృదులాస్థి కొలాజెన్‌కు అది 117 ఏళ్లనీ అంచనా కట్టారు. అంటే ఉన్నదాంట్లో సగం మారడానికే ఒక మనిషి జీవితం చాలదు.

రెండో దారి అణుబాంబు పరీక్షలు వదిలివెళ్లిన గుర్తు. 1950ల మధ్య నుంచి 1963 దాకా గాలిలో జరిపిన పరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ విపరీతంగా పెరిగి, ఆ తర్వాత క్రమంగా తగ్గుతూ వచ్చింది. ఏ ఏడాది తయారైన ప్రొటీన్‌లో ఆ ఏటి పాళ్లు నిలిచిపోతాయి. డెన్మార్క్ శాస్త్రవేత్తలు వేర్వేరు సంవత్సరాల్లో పుట్టినవాళ్ల మోకాలి మృదులాస్థిని ఇలా పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పెద్దయ్యాక కొలాజెన్ మార్పిడి దాదాపు జరగడం లేదని తేలింది. ఆరోగ్యంగా ఉన్న కీలులోనే కాదు, అరుగుదల మొదలైన కీలులోనూ అంతే. చెడిపోతున్నప్పుడు కూడా శరీరం కొత్త వలను అల్లలేకపోతోందన్నమాట. కీళ్ల నొప్పుల గురించి జరిగే చర్చల్లో ఈ ఫలితానికి దక్కాల్సిన చోటు ఇప్పటికీ దక్కలేదు.

మృదులాస్థి కట్టుబాటును దగ్గర నుంచి చూస్తే ఇందులో వింతేమీ కనిపించదు. మోకాలిలో దాని మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. అందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కణాలు ఘనపరిమాణంలో రెండు శాతం అటూఇటూ. మిగతాదంతా నీరు, కొలాజెన్ వల, ఆ వలలో చిక్కుకుని ఉండే అగ్రికాన్ అనే పెద్ద అణువులు. అగ్రికాన్‌కు నిండా రుణావేశం. అది నీటిని లాగుతుంది, ఉబ్బాలని చూస్తుంది. కొలాజెన్ వల దాన్ని ఉబ్బనీయకుండా పట్టి ఉంచుతుంది. ఈ రెండింటి పోటీలో పుట్టే ఒత్తిడే నడిచేటప్పుడు మోకాలి మీద పడే భారాన్ని మోస్తుంది. ఆ భారం ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. పోచలు అడుగున నిలువుగా మొదలై, పైకొచ్చేసరికి వంగి, ఉపరితలానికి సమాంతరంగా పరుచుకుంటాయని జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త బెన్నింగాఫ్ 1925లోనే చూపించాడు. లోతున అణిగే బలానికి, పైన రాపిడికి తగినట్టుగా ఉన్న అమరిక అది. దాన్ని తీసేసి మళ్లీ అల్లాలంటే కీలును ముందు ఖాళీ చేయాలి. ఒక్క రోజైనా పని ఆపలేని చోట అది అయ్యే పని కాదు.

ఇరవై నుంచి ఎనభై ఏళ్ల మధ్య మృదులాస్థిలో పెంటోసిడిన్ దాదాపు యాభై రెట్లు పెరుగుతుంది. అడ్డుముడులు పెరిగేకొద్దీ వల బిరుసెక్కుతుంది. బిరుసెక్కితే గట్టిపడినట్టేగా అనిపించవచ్చు. అయితే ఆ గట్టిదనంలో సాగే గుణం పోతుంది. పదేపదే పడే దెబ్బకు సాగి సర్దుకోవాల్సిన పోచ తట్టుకోలేక తెగుతుంది. ఉపరితలం మీద సన్నని చీలికలు వస్తాయి. ఏజీఈలు కణాల మీదా పనిచేస్తాయి. మృదులాస్థి కణాల పైపొరలో వాటిని పట్టుకునే గ్రాహకాలున్నాయి. అవి మేల్కొంటే కణం వాపు పుట్టించే సంకేతాలు పంపుతుంది, వలను కోసే ఎంజైమ్‌లను వదులుతుంది. వయసుతోపాటు ముసలితనం వచ్చి విభజన ఆగిపోయిన కణాలూ ఇదే పనికి పూనుకుంటాయి.

ఆ ఎంజైమ్‌లలో ముఖ్యమైనది ఎంఎంపీ-13. అది రెండో రకం కొలాజెన్‌ను ఎక్కడపడితే అక్కడ కోయదు. పొడవులో మూడొంతులు ఒకవైపు, ఒక వంతు మరోవైపు పడేలా ఒకే చోట కోస్తుంది. ఆ ఒక్క కోతతో ముప్పేట విప్పుకుపోతుంది, మిగతా పని ఇతర ఎంజైమ్‌లు పూర్తిచేస్తాయి. వల తెగిన చోట అగ్రికాన్‌ను పట్టి ఉంచేది ఏదీ లేక మృదులాస్థి నీరుపట్టి మెత్తబడుతుంది. మామూలు వార్ధక్యంలో మృదులాస్థిలో నీరు తగ్గుతుంది. అరుగుదల జబ్బు తొలిదశలో పెరుగుతుంది. వయసు, జబ్బు ఒకటి కావనడానికి ఇంతకన్నా సూటి ఆధారం అక్కర్లేదు. ముదిరిన కొలాజెన్ జబ్బుకు నేల సిద్ధం చేస్తుంది. కానీ గాయం, అధిక బరువు, కాలు వంకర, వంశపారంపర్యం లాంటివి తోడైతేనే ఆ నేలమీద జబ్బు మొలకెత్తుతుంది. ఎనభై ఏళ్లు దాటినా మోకాళ్లు బాగున్నవాళ్లు ఉండటానికి కారణం ఇదే.

మృదులాస్థిలో నరాలు లేవు కాబట్టి ఈ విధ్వంసం చాలాకాలం నొప్పి లేకుండానే సాగుతుంది. నొప్పి పుట్టేది కింద ఉన్న ఎముక నుంచీ, కీలు లోపలి పొర నుంచీ. మనిషికి నొప్పి తెలిసే వేళకు వల చాలాచోట్ల తెగిపోయి ఉంటుంది.

ఎముక: వేగం పెరిగినా చేటే, తగ్గినా చేటే

ఎముకలో బరువుపరంగా చూస్తే అరవై ఐదు శాతం దాకా ఖనిజం. మిగతాదాంట్లో అత్యధిక భాగం కొలాజెన్, కొంత నీరు. ఎవరి వాటా ఏమిటో తేల్చే పాత ప్రయోగం ఒకటుంది. సన్నని ఎముకను కొన్ని రోజులు ఆమ్లంలో నానబెడితే ఖనిజం కరిగిపోతుంది. ఆకారం చెదరదు కానీ దాన్ని రబ్బరులా వంచవచ్చు, ముడి వేయవచ్చు. అదే ఎముకను కాలిస్తే కొలాజెన్ పోయి ఖనిజం మిగులుతుంది. అప్పుడూ ఆకారం అలాగే ఉంటుంది, పట్టుకుంటే పొడిపొడి అవుతుంది. వంగకుండా నిలబెట్టేది ఖనిజం. విరగకుండా కాపాడేది కొలాజెన్.

కొలాజెన్ పోచలో అణువులు 67 నానోమీటర్ల తేడాతో మెట్లుమెట్లుగా అమరి ఉంటాయి. ఆ ఖాళీల్లో ఖనిజపు పలకలు చేరతాయి. దెబ్బ తగిలినప్పుడు పోచలు ఒకదానిమీద ఒకటి కొంచెం జారి ఆ శక్తిని మింగేస్తాయి. అతి చిన్న బీటలు పడినా వాటికి అడ్డంగా పోచలు సాగి నిలిచి, బీట పెద్దది కాకుండా పట్టి ఉంచుతాయి. ఏజీఈ ముడులు పెరిగిన ఎముకలో ఈ జారడం కుదరదు. అప్పుడు ఎముక శక్తిని మింగడం మానేసి పగుళ్లిస్తుంది.

ఎముక దీనికి విరుగుడు తనలోనే పెట్టుకుంది. ఆస్టియోక్లాస్ట్ అనే కణం ఎముకకు అంటుకుని, ఆమ్లంతో ఖనిజాన్ని కరిగించి, కెథెప్సిన్-కె అనే ఎంజైమ్‌తో కొలాజెన్‌ను కోసి చిన్న గుంట తవ్వుతుంది. తవ్వడానికి కొన్ని వారాలు. తర్వాత ఆస్టియోబ్లాస్ట్‌లు వచ్చి కొత్త కొలాజెన్ పరిచి దాన్ని ఖనిజంతో నింపుతాయి. పూడ్చడానికి మూడు నాలుగు నెలలు. కోసిన కొలాజెన్ ముక్కలు రక్తంలోకి వస్తాయి. ఎముక ఎంత వేగంగా కరుగుతోందో తెలుసుకోవడానికి చేసే సీటీఎక్స్ పరీక్ష లెక్కపెట్టేది ఆ ముక్కలనే. ఎముక లోపలి జల్లెడ లాంటి భాగం ఏడాదికి పాతిక శాతం దాకా కొత్తదవుతుంది. బయటి గట్టి భాగం మూడు శాతం అటూఇటూ. అందుకే ఒకే ఎముకలో నిన్నటి కొలాజెనూ ఉంటుంది, దశాబ్దాల నాటిదీ ఉంటుంది.

ముప్పై ఏళ్ల ప్రాంతంలో ఎముక నిండుదనం పతాక స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత ప్రతి గుంటలో తవ్వినంతా పూడదు, రవ్వంత లోటు మిగులుతుంది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి, తవ్వే కణాల మీద దాని అదుపు పోవడంతో గుంటల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. జల్లెడలోని సన్నని కమ్మీలు మధ్యలో తెగిపోతాయి. తెగిన కమ్మీ మళ్లీ అతుక్కోదు, ఎందుకంటే కొత్త ఎముక వేయడానికి అక్కడ పాత ఎముక ఉపరితలమే ఉండదు. దానికి తోడు, వేగం మరీ ఎక్కువైనప్పుడు కొత్త కొలాజెన్‌కు ఎంజైమ్ ముడులు పూర్తిగా పడే వ్యవధి చిక్కదు, ఖనిజం నిండే వ్యవధీ చిక్కదు. వేగం మరీ తగ్గినప్పుడు పాత కొలాజెన్ అక్కడే ఉండిపోయి చక్కెర ముడులు పేరుకుంటాయి. ఎముకకు ఆరోగ్యకరమైన వేగం ఈ రెండింటి మధ్యన ఎక్కడో ఉంటుంది.

బిస్ఫాస్ఫోనేట్ మందుల విషయంలో ఈ మెలిక స్పష్టంగా కనిపిస్తుంది. అవి తవ్వే కణాలను అణచి వెన్నుపూసలు, తుంటి విరగడాన్ని గణనీయంగా తగ్గిస్తాయి. ఎముకలు గుల్లబారినవాళ్లకు వాటి మేలు రుజువైన విషయం. అయితే చాలా ఏళ్లపాటు ఆపకుండా వాడినవాళ్లలో అరుదుగా తొడ ఎముక నడిమి భాగంలో, పెద్ద దెబ్బేమీ లేకుండానే, అడ్డంగా విరుగుతుంది. కణజాలం మరీ పాతబడిపోవడం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు. మాత్రలు అయిదేళ్లు వాడాక, ముప్పు తక్కువగా ఉన్నవాళ్లకు కొంతకాలం విరామం ఇవ్వాలా అని వైద్యులు ఆలోచించేది అందుకే. ఆ నిర్ణయం వైద్యులు తీసుకోవాల్సిందే తప్ప ఎవరికి వారు మందు మానేయడం ప్రమాదకరం.

ఎముక పరీక్షలకు ఉన్న పెద్ద గుడ్డిచోటు కూడా కొలాజెనే. ఎముక సాంద్రత కోసం చేసే డెక్సా స్కాన్ ఖనిజాన్ని మాత్రమే కొలుస్తుంది. యువ వయస్కుల సగటుతో పోల్చి ఇచ్చే టీ-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువైతే ఎముకలు గుల్లబారినట్టు అని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం గీసిన గీత నేటికీ ప్రామాణికం, ఉపయోగకరం కూడా. కానీ ఒకే టీ-స్కోరు ఉన్న యాభై ఏళ్ల మనిషి కన్నా ఎనభై ఏళ్ల మనిషికి ఎముక విరిగే ముప్పు చాలా ఎక్కువ. తూలి పడటం ఎక్కువ కావడం ఇందులో కొంత, ఎముక గుణం మారడం కొంత. టైప్-2 మధుమేహంలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ రోగుల్లో ఎముక సాంద్రత మామూలుగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. అయినా ఎముకలు విరగడం ఎక్కువ. స్కాన్ బాగుందని చెప్పి పంపేసిన మధుమేహ రోగికి ఆ భరోసా సగమే నిజం.

ఏది పనిచేస్తుంది, ఏది చేయదు

కొలాజెన్ పొడులు కడుపులోకి వెళ్లాక అమైనో ఆమ్లాలుగా, రెండు మూడు అమైనో ఆమ్లాల చిన్న ముక్కలుగా విడిపోతాయి. కొలాజెన్‌లో ఎక్కువగా ఉండే హైడ్రాక్సీప్రొలిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న కొన్ని ముక్కలు రక్తంలో కనిపిస్తాయి కూడా. కొన్ని ప్రయోగాల్లో కీళ్ల నొప్పి కొద్దిగా తగ్గినట్టు తేలింది. వాటిలో చాలావాటికి ఖర్చు పెట్టింది అమ్మకందారులే. అరిగిన మృదులాస్థి తిరిగి పెరిగిందని చూపిన ఆధారం లేదు. ఉంటుందని ఆశించడానికి కారణమూ బలంగా లేదు. పెద్దల మృదులాస్థిలో కొరతపడింది ముడిసరుకు కాదు, పాత వలను తీసి కొత్తది అల్లే పని. విటమిన్ సి కూడా అంతే. లోపం ఉంటే కొలాజెన్ చెడుతుంది. సరిపడా ఉన్నవాళ్లు ఇంకా మింగినంత మాత్రాన వల కొత్తగా అల్లుకోదు.

ఏజీఈ ముడులను తెంపే మందు కోసం ప్రయత్నాలు జరిగాయి. అలాజీబ్రియం అనే మందు జంతువుల్లో ఆశలు రేపింది, మనుషుల మీద రక్తనాళాల బిరుసుదనం కోసం పరీక్షించారు, అనుమతి దాకా రాలేదు. 2015లో యేల్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తలు గ్లూకోసెపేన్‌ను ప్రయోగశాలలో పూర్తిగా తయారుచేయగలిగారు. దాన్ని కోసే ఎంజైమ్‌ను వెతకాలంటే ముందు స్వచ్ఛమైన నమూనా చేతిలో ఉండాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మందు మాత్రం ఇంకా రాలేదు. అందాకా చేతిలో ఉన్నది రక్తంలో చక్కెరను అదుపులో ఉంచుకుని కొత్త ముడులు పడే వేగాన్ని తగ్గించుకోవడమే. పడిపోయిన ముడులు వెనక్కి పోవు.

కదలికతో వచ్చే ప్రయోజనం రెండు చోట్లా ఉంది, కారణాలు వేరు. బరువు పడిన చోట ఎముక పటిష్ఠమవుతుంది. మృదులాస్థికి రక్తం అందదు గనక, నొక్కుకుని వదిలే ప్రతి అడుగుతో కీలుద్రవం లోపలికీ బయటికీ ఆడి కణాలకు పోషణ అందిస్తుంది. కాళ్లు చచ్చుబడి కదలిక లేనివాళ్లలో మోకాలి మృదులాస్థి పలచబడుతుంది. నడకతో, మోస్తరు పరుగుతో మోకాళ్లు అరిగిపోతాయన్న భయానికి ఆధారం లేదు. అరిగించేది అధిక బరువు. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని బరువెక్కువ ఉన్న అరుగుదల రోగుల మీద చేసిన అధ్యయనం 2005లో లెక్కతేల్చింది.

వీటన్నింటికన్నా ముందు పట్టించుకోవాల్సింది, అందరూ వదిలేసేదీ కుర్రవయసులో తగిలే మోకాలి గాయాలు. మోకాలిని పట్టి ఉంచే ముందరి క్రూసియేట్ లిగమెంటో, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్సో తెగినవాళ్లలో దాదాపు సగం మందికి పది నుంచి ఇరవై ఏళ్లలోనే కీలు అరుగుదల లక్షణాలు కనిపిస్తాయి. ఇరవైలో గాయపడితే నలభైకే ముసలి మోకాలు. ఆ వల జీవితంలో ఒక్కసారే అల్లుకునేది కాబట్టి, ఆటలాడే పిల్లలకు దూకడం, దిగడం, మలుపు తిరగడం సరిగ్గా నేర్పే సన్నాహక వ్యాయామాలకు ఎంతో విలువ ఉంది. అవి మోకాలి గాయాలను తగ్గిస్తాయని ప్రయోగాల్లో రుజువైంది కూడా. వాటికి పట్టేది సాధన మొదట్లో పావుగంట.